మందును కోసేసే కత్తెర: క్రిముల ఎంజైముల సంగతి



ఓ.పి.లో మేము తరచుగా వినే మాట ఒకటుంది. "డాక్టరుగారూ, ఈ మాత్రలు చాలాసార్లు వాడాను. ఒంటికి అలవాటు పడిపోయాయి. ఇప్పుడు పనిచేయడం లేదు. ఇంకొంచెం పవరున్నవి రాయండి" అంటారు. వారి బాధ నిజం. మందు పనిచేయకపోవడం కూడా చాలాసార్లు నిజమే. అయితే యాంటీబయోటిక్ మందుకు అలవాటుపడేది మన ఒళ్ళు కాదు, ఒంట్లో చేరిన క్రిమి. కొన్ని క్రిములు ఆ మందును కోసి ముక్కలు చేసే ఎంజైమును తామే తయారుచేసుకుంటాయి. అలాంటి క్రిమి ఉన్నప్పుడు అదే మాత్రను ఎంత పవరులో మింగినా ప్రయోజనం ఉండకపోవచ్చు.

క్రిమి ఆ పని ఎలా చేస్తుంది, శాస్త్రవేత్తలు దాన్ని ఎలా పట్టుకున్నారు, దాన్నిబట్టి మనం ఇంట్లో ఏం చేయాలి అన్నది ఈ సంచికలో తెలుసుకుందాం. పిల్లలకు మందు పోసే తల్లులూ, ఇంటికి మాత్రలు తెచ్చే పెద్దలూ కొంచెం ఓపికగా చదవవలసిందిగా కోరుతున్నాము.

ఎంజైము అంటే ఏమిటి?

ఒక అన్నం ముద్దను మింగకుండా చాలాసేపు నమిలి చూడండి. కొద్దిసేపటికి తియ్యగా అనిపిస్తుంది. చక్కెర వేయకుండా ఆ తీపి ఎక్కడినుంచి వచ్చింది? మన లాలాజలంలో ఉన్న ఒక ప్రోటీను అన్నంలోని పిండిపదార్థాన్ని కోసి చక్కెరగా మారుస్తుంది. ఇలా ఒక పదార్థాన్ని వేగంగా మరో పదార్థంగా మార్చే ప్రోటీన్లను ఎంజైములు అంటారు. ఒక ముక్కను కోశాక ఎంజైము అరిగిపోదు, వెంటనే మరో ముక్కను పట్టుకుంటుంది. అందుకే కొంచెం ఎంజైము చాలా పని చేస్తుంది.

క్రిములకు కూడా ఎంజైములు ఉంటాయి. వాటిలో పెన్సిలిన్ జాతి మందులను కోసేవాటిని బీటా లాక్టమేజ్‌లు అంటారు. మొదట కనిపెట్టినప్పుడు పెన్సిలినేజ్ అని పేరు పెట్టారు.

మందు ఎక్కడ పట్టుకుంటుంది, ఎంజైము ఎక్కడ కోస్తుంది?

బాక్టీరియా చుట్టూ గట్టి గోడ ఉంటుంది. క్రిమి పెరిగేకొద్దీ ఆ గోడను కట్టుకుంటూ పోవాలి. గోడ కట్టే తాపీమేస్త్రీ కూడా ఒక ఎంజైమే. పెన్సిలిన్ అణువు చూడడానికి ఆ గోడలో పెట్టే ఇటుకలా ఉంటుంది. మేస్త్రీ ఇటుక అనుకుని దాన్ని పట్టుకుంటాడు, ఇక చేయి ఊడిరాదు. గోడ పని ఆగిపోతుంది. క్రిమి పగిలి చనిపోతుంది. మన శరీర కణాలకు అలాంటి గోడ లేదు కాబట్టి ఈ దెబ్బ మనకు తగలదు. పెన్సిలిన్ ఎలర్జీ ఉన్నవారి సంగతి వేరు. వారు డాక్టరుకు ముందే చెప్పాలి.

పెన్సిలిన్ పట్టు అంతా దాని మధ్యలో ఉన్న నాలుగు మూలల చిన్న వలయంలో ఉంది. దాన్ని బీటా లాక్టం వలయం అంటారు. 1945లో ఆక్స్‌ఫర్డ్‌లో డొరొతీ హాజ్‌కిన్ ఎక్స్-రేల సాయంతో ఈ ఆకారాన్ని నిర్ధారించారు. మనం వాడే ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్, సెఫాలెక్సిన్, సెఫిక్సిమ్, సెఫ్‌ట్రయాక్సోన్, ఐ.సి.యు.లో ఇచ్చే మెరోపెనెమ్ ఇవన్నీ ఆ వలయం ఉన్న మందులే. క్రిమి ఎంజైము ఒక నీటి అణువును తెచ్చి ఆ వలయాన్ని తెరిచేస్తుంది. పన్ను విరిగిన తాళంచెవి చేతిలో ఉన్నా తాళం తియ్యలేదు. వలయం తెగిన మందూ అంతే.

1940లో దొరికిన మొదటి సాక్ష్యం

పెన్సిలిన్‌ను అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1928లో గుర్తించారు. దాన్ని మందుగా తయారుచేసే పని ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీ, చెయిన్ బృందం చేసింది. రోగికి ఇంకా ఇంజక్షను ఇవ్వకముందే, 1940 డిసెంబరులో ఎడ్వర్డ్ ఏబ్రహాం, ఎర్నస్ట్ చెయిన్ ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. పెన్సిలిన్‌ను నాశనం చేసే ఎంజైము బాక్టీరియాలో ఉందని అందులో రాశారు.

వారు చేసిన పని తేలికగానే అర్థమవుతుంది. పెన్సిలిన్‌కు చావని ఒక పేగు క్రిమిని (మనం ఇ.కోలి అంటాం) పెద్ద మొత్తంలో పెంచారు. దాన్ని మరలో వేసి నలగ్గొట్టి రసం తీశారు. ఆ రసం కలిపితే పెన్సిలిన్ పనిచేయడం మానేసింది. మరి అది ఎంజైమే అని ఎలా తెలిసింది? మూడు పరీక్షలు పెట్టారు. రసాన్ని 90 డిగ్రీల వేడిలో 5 నిమిషాలు ఉంచితే శక్తి పోయింది. బొప్పాయిపాల నుంచి వచ్చే పపేన్ అనే, ప్రోటీన్లను జీర్ణంచేసే ఎంజైమును కలిపితే శక్తి పోయింది. సెల్లోఫేన్ సంచిలో పోసి నీటిలో వేలాడదీస్తే ఆ పదార్థం బయటికి రాలేదు. అంటే అది వేడికి చెడిపోయేది, ప్రోటీను, పెద్ద అణువు. ఈ మూడూ ఎంజైము లక్షణాలే.

1944లో అమెరికాలో విలియం కర్బీ చీముగడ్డలు తెప్పించే స్టెఫైలోకాకస్ క్రిమి నుంచి కూడా ఇలాంటి పదార్థం తీశారు. లండన్‌లోని ఒక ఆసుపత్రిలో మేరీ బార్బర్ లెక్కలు రాస్తే, 1948 నాటికి అక్కడి స్టెఫైలోకాకస్ క్రిముల్లో సగానికి పైగా పెన్సిలిన్‌కు లొంగడం లేదు. మందు బజారులోకి వచ్చి అప్పటికి కొన్నేళ్ళే అయింది. ఫ్లెమింగ్ 1945 డిసెంబరులో నోబెల్ బహుమతి అందుకుంటూ, తక్కువ మోతాదులో ఇష్టం వచ్చినట్టు వాడితే క్రిములకు మందును తట్టుకోవడం మనమే నేర్పినట్టవుతుందని హెచ్చరించారు.

ఎంజైమును శుద్ధి చేయడం: పాల నుంచి నెయ్యి తీసినట్టు

క్రిమిని నలగ్గొడితే వచ్చే రసంలో వేల రకాల ప్రోటీన్లు ఉంటాయి. మందును కోసేది వాటిలో ఒక్కటే. దాన్ని విడిగా తియ్యకపోతే దాని బలమూ బలహీనతా తెలియవు. పాల నుంచి మీగడ, మీగడ నుంచి వెన్న, వెన్న నుంచి నెయ్యి తీస్తాం కదా. ప్రతి మెట్టులోనూ పరిమాణం తగ్గుతుంది, చిక్కదనం పెరుగుతుంది. ఎంజైము శుద్ధి కూడా అదే పద్ధతి. నేటికీ ప్రయోగశాలల్లో సుమారుగా ఇలా చేస్తారు.

మొదటిది, క్రిమిని పోషక ద్రవంలో రాత్రంతా పెంచి, సెంట్రిఫ్యూజ్ యంత్రంలో గిర్రున తిప్పుతారు. క్రిములు అడుగున ముద్దగా చేరతాయి.

రెండవది, ఆ ముద్దను మంచు మీద ఉంచి చెవికి వినపడని శబ్ద తరంగాలతోగానీ, ఒత్తిడితోగానీ పగలగొడతారు. చల్లదనం తప్పనిసరి. వేడెక్కితే ఎంజైము చెడిపోతుంది. మళ్ళీ తిప్పి పిప్పిని వేరుచేసి, పైన తేటగా ఉన్న రసాన్ని తీసుకుంటారు.

మూడవది, రసంలో అమ్మోనియం సల్ఫేటు కొంచెం కొంచెంగా కలుపుతారు. మన రైతులకు ఎరువుగా తెలిసిన ఉప్పే ఇది. ఉప్పు ఎక్కువైతే ప్రోటీన్లు నీటిలో నిలవలేక విరిగిన పాలలా తెల్లగా విడిపోతాయి. ఒక్కో ప్రోటీను ఒక్కో మోతాదు దగ్గర విడిపోతుంది కాబట్టి కావలసిన భాగాన్ని ఏరుకోవచ్చు. దాన్ని తిరిగి నీటిలో కరిగిస్తే ఎంజైము మళ్ళీ పనిచేస్తుంది.

నాలుగవది, మిగిలిన ఉప్పును వదిలించడానికి డయాలిసిస్ చేస్తారు. కిడ్నీ రోగుల కుటుంబాలకు ఈ మాట పరిచయమే. సూత్రం కూడా ఒకటే. పలుచని పొర గుండా ఉప్పులాంటి చిన్న అణువులు బయటికి పోతాయి, ప్రోటీన్లలాంటి పెద్దవి లోపలే ఉంటాయి.

ఐదవది, గాజు గొట్టంలో సన్నని పూసలు నింపి పైనుంచి రసం పోస్తారు. ఒక రకం పూసలు విద్యుదావేశాన్నిబట్టి ప్రోటీన్లను పట్టుకుంటాయి. మరో రకం పూసలకు చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. సంతలో చిన్నపిల్లలు ప్రతి కొట్టు దగ్గరా ఆగుతారు, పెద్దవాళ్ళు నేరుగా నడిచిపోతారు. అలాగే చిన్న ప్రోటీన్లు రంధ్రాల్లో దూరి ఆలస్యంగా వస్తాయి, పెద్దవి ముందు బయటపడతాయి. గొట్టం కింద వరసగా పెట్టిన పరీక్షనాళికల్లో చుక్కలు పడుతుంటే, మన ఎంజైము ఏ నాళికలో ఉందో వెతుకుతారు.

వెతకడం ఎలా? నైట్రోసెఫిన్ అనే ఒక మందు ఉంది. చికిత్సకు వాడరు, పరీక్షకే వాడతారు. మామూలుగా పసుపుపచ్చగా ఉంటుంది. దాని వలయం తెగితే ఎర్రబడుతుంది. ప్రతి నాళికలోనూ కొంచెం వేస్తే, ఎర్రబడిన నాళికలో ఎంజైము ఉన్నట్టే. ప్రతి మెట్టులోనూ ఒక మిల్లీగ్రాము ప్రోటీను ఎంత మందును కోస్తోందో లెక్క కడతారు. ఆ అంకె పెరుగుతూ ఉంటే శుద్ధి సరిగా సాగుతోందని అర్థం. చివరికి జిగురుపలక మీద విద్యుత్తుతో నడిపించి, రంగు వేస్తే ఒకే ఒక గీత కనిపించాలి. అప్పుడు ఎంజైము దాదాపు శుద్ధమైనట్టే.

గుణాలు తెలుసుకోవడం ఎందుకు?

శుద్ధి చేసిన ఎంజైమును ఇప్పుడు ప్రశ్నలు అడగవచ్చు. నీ బరువెంత? ఏ వేడిలో, ఎంత పులుపులో బాగా పనిచేస్తావు? ఏ మందును త్వరగా కోస్తావు, దేన్ని కోయలేవు? నిన్ను ఆపేది ఏది?

ఉదాహరణకు టెమ్-1 అనే ఎంజైమును 1960లలో గ్రీసు దేశంలో ఒక రోగి నుంచి తీసిన ఇ.కోలి క్రిమిలో గుర్తించారు. ఆ రోగి పేరులోని మొదటి అక్షరాలే ఎంజైము పేరయ్యాయి. దాని బరువు సుమారు 29,000 డాల్టన్లు. అనుకూల పరిస్థితుల్లో ఒక్క టెమ్-1 అణువు ఒక్క సెకనులో వెయ్యికి పైగా పెన్సిలిన్ అణువులను కోయగలదు. మందు మోతాదు పెంచినా క్రిమి ఎందుకు తట్టుకుంటుందో ఈ ఒక్క అంకె చెబుతుంది.

"నిన్ను ఆపేది ఏది?" అన్న ప్రశ్నకు దొరికిన జవాబు రోగులకు చాలా మేలు చేసింది. స్ట్రెప్టోమైసిస్ జాతికి చెందిన ఒక మట్టి క్రిమి తయారుచేసే క్లావులానిక్ ఆమ్లాన్ని 1970లలో కనిపెట్టారు. దానికీ బీటా లాక్టం వలయం ఉంది. ఎంజైము దాన్ని కోయబోయి, పనసబంక అంటుకున్న చేయిలా ఇరుక్కుపోతుంది. ఈలోగా పక్కనున్న అమాక్సిసిలిన్ తన పని తాను చేసుకుపోతుంది. ఈ రెండూ కలిపిన మాత్ర 1981లో బ్రిటన్‌లో ఆగ్‌మెంటిన్ పేరుతో వచ్చింది. మీ చీటీలో "అమాక్సిసిలిన్, క్లావులనేట్" అని రెండు పేర్లు కనిపిస్తే, ఒకటి క్రిమిని చంపేది, రెండవది క్రిమి కత్తెరను పట్టుకునేది అని గుర్తుపెట్టుకోండి.

కత్తెర కూడా మారుతోంది

క్రిములు ఊరుకోలేదు. 1980ల నుంచి సెఫలోస్పోరిన్ ఇంజక్షన్లను కూడా కోసే ఎంజైములు బయటపడ్డాయి. కల్చర్ రిపోర్టులో "ఇ.ఎస్.బి.ఎల్. పాజిటివ్" అని రాసేది వీటి గురించే. 2008లో స్వీడన్‌లో మూత్ర ఇన్ఫెక్షనుతో ఉన్న ఒక భారత సంతతి రోగిలో మరో కొత్త ఎంజైము దొరికింది. ఆయన అంతకుముందు న్యూఢిల్లీలో ఆసుపత్రిలో ఉన్నారు కాబట్టి దానికి ఎన్.డి.ఎం.-1 అని పేరు పెట్టారు. మన ప్రభుత్వం 2010లో ఆ పేరుపై అభ్యంతరం తెలిపింది. పేరు సంగతి ఎలా ఉన్నా ఎంజైము మాత్రం నేడు అనేక దేశాల్లో ఉంది.

2009లో వెలువడిన పరిశోధనలో దాని బరువు సుమారు 28,000 డాల్టన్లని, పెన్సిలిన్లు, సెఫలోస్పోరిన్లతో పాటు కార్బపెనెమ్ మందులను కూడా కోస్తుందని చూపించారు. ఇది జింకు లోహంతో పనిచేస్తుంది. జింకును లాక్కునే ఇ.డి.టి.ఎ. అనే రసాయనం కలిపితే ఆగిపోతుంది. ల్యాబులో ఈ జాతి ఎంజైమును గుర్తించే కొన్ని పరీక్షలకు ఈ గుణమే ఆధారం. క్లావులానిక్ ఆమ్లం దీన్ని ఆపలేదు.

అయితే గుణాలను కొలిచినప్పుడు ఒక ఆశాజనకమైన సంగతి కూడా తేలింది. ఎజ్‌ట్రియోనామ్ అనే పాత మందును ఈ ఎంజైము కోయలేదు. కానీ ఆ క్రిమిలోనే సాధారణంగా ఉండే ఇతర ఎంజైములు ఎజ్‌ట్రియోనామ్‌ను కోస్తాయి. వాటిని పట్టుకునేది ఎవిబాక్టామ్. అందుకని రెండూ కలిపిన ఇంజక్షనుకు 2024లో యూరప్‌లో, 2025లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇది పెద్ద ఆసుపత్రిలో, కల్చర్ రిపోర్టు చూసి ఇచ్చే మందు. ఖరీదైన చికిత్స కూడా.

ఒక క్రిమి నుంచి మరో క్రిమికి

ఈ ఎంజైములు మనం యాంటీబయోటిక్‌లు వాడడం మొదలుపెట్టాక పుట్టినవి కావు. కెనడాలో 30,000 ఏళ్ళనాటి గడ్డకట్టిన మట్టిలో కూడా ఇలాంటి జన్యువులు ఉన్నట్టు 2011లో వెల్లడైంది. మట్టిలో క్రిములు ఒకదానితో ఒకటి పోరాడుకునే ఆయుధాలివి. మనం అవసరం లేకుండా యాంటీబయోటిక్ వాడినప్పుడల్లా ఒంట్లోని మామూలు క్రిములు చచ్చి, కత్తెర ఉన్నవి మిగిలి పెరుగుతాయి.

అంతటితో ఆగదు. కత్తెర తయారుచేసే రాత, అంటే జన్యువు, ప్లాస్మిడ్ అనే చిన్న వలయం మీద ఉంటే, ఒక క్రిమి దాన్ని మరో క్రిమికి అందించగలదు. జాతి వేరైనా సరే. స్వీడన్‌లోని ఆ రోగిలోనే ఎన్.డి.ఎం.-1 జన్యువు క్లెబ్సియెల్లా క్రిమిలోనూ, ఆయన మలంలోని ఇ.కోలిలోనూ కనిపించింది. 2011లో ప్రచురించిన పరిశోధనలో న్యూఢిల్లీలో 171 చోట్ల తీసిన నిలవనీటిలో 51 నమూనాలలో, 50 తాగునీటి నమూనాలలో రెండింటిలో ఈ జన్యువు ఉంది. అందుకే మరుగుదొడ్డి, మంచినీరు, చేతులు కడుక్కోవడం కూడా యాంటీబయోటిక్‌లను కాపాడే పనులే.

2019లో ప్రపంచంలో సుమారు 12.7 లక్షల మరణాలకు మందులకు లొంగని బాక్టీరియా ఇన్ఫెక్షన్లే నేరుగా కారణమని అంతర్జాతీయ అధ్యయనం అంచనా వేసింది. సిజేరియన్, కీళ్ళ మార్పిడి, డయాలిసిస్, క్యాన్సర్ చికిత్స, నెలలు నిండని పసిబిడ్డ సంరక్షణ ఇవన్నీ యాంటీబయోటిక్ పనిచేస్తుందన్న ధైర్యం మీదే జరుగుతున్నాయి.

క్రిములన్నీ ఎంజైములతోనే తప్పించుకుంటాయని కాదు. కొన్ని మందును బయటికి తోడేస్తాయి. కొన్ని తమ మేస్త్రీ ఆకారాన్నే మార్చుకుంటాయి. ఏ మందు పనిచేస్తుందో చెప్పేది కల్చర్ పరీక్ష.

కల్చర్ రిపోర్టు రెండు మూడు రోజులు ఎందుకు?

చాలామంది అడిగే ప్రశ్న ఇది. రక్తంలోగానీ మూత్రంలోగానీ ఉన్న క్రిమి ముందు ప్లేటులో పెరగాలి. తరువాత ఏ క్రిమో గుర్తించి, మందు బిళ్ళలు పెట్టిన మరో ప్లేటులో రాత్రంతా ఉంచాలి. బిళ్ళ చుట్టూ క్రిమి పెరగని ఖాళీ ఎంత ఉందో కొలుస్తారు. సెఫలోస్పోరిన్ బిళ్ళను ఒంటరిగా ఒకసారి, క్లావులానిక్ ఆమ్లంతో కలిపి ఒకసారి పెడతారు. కలిపినప్పుడు ఖాళీ 5 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి పెరిగితే ఆ క్రిమి దగ్గర ఇ.ఎస్.బి.ఎల్. ఉన్నట్టు. క్రిమి పెరిగే వేగాన్ని మనం తొందరపెట్టలేం. రోగి పరిస్థితి తీవ్రంగా ఉంటే రిపోర్టు కోసం ఆగకుండా డాక్టరు మందు మొదలుపెట్టి, రిపోర్టు వచ్చాక మారుస్తారు. మందు మార్చారంటే ముందు ఇచ్చింది తప్పని అర్థం చేసుకోకండి.

మీరు చేయవలసినవి

1. జలుబు, మామూలు దగ్గు, చాలా రకాల జ్వరాలు వైరస్‌ల వల్ల వస్తాయి. వాటికి యాంటీబయోటిక్ పనిచేయదు. డాక్టరు రాయకపోతే అడిగి రాయించుకోకండి.

2. పక్కింటి అక్కయ్యకు పనిచేసిన మాత్ర మీ క్రిమికి పనిచేయాలని లేదు. మిగిలిన మాత్రలు దాచి వాడకండి, ఇతరులకు ఇవ్వకండి.

3. డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పిన వేళకు, చెప్పినన్ని రోజులు వాడండి. తగ్గిందని మీ అంతట మీరు మానకండి, తగ్గలేదని పొడిగించకండి. ఒంటిమీద దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం వస్తే మాత్రం మందు ఆపి వెంటనే ఆసుపత్రికి రండి.

4. మందు పట్టీ మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే, అది డాక్టరు చీటీ లేకుండా కొనకూడని మందు. కొన్ని ముఖ్యమైన యాంటీబయోటిక్‌లు అమ్మినప్పుడు మందులషాపువారు వివరాలు రిజిస్టరులో రాయాలని 2014 మార్చి 1 నుంచి మన దేశంలో నిబంధన ఉంది. చీటీ అడిగితే విసుక్కోకండి.

5. కల్చర్‌కు రక్తం, మూత్రం వీలైనంతవరకు మొదటి డోసు పడకముందే ఇవ్వాలి. ఇంతకుముందే ఏదైనా మాత్ర వేసుకుని ఉంటే దాచకుండా చెప్పండి.

6. పాత చీటీలు, కల్చర్ రిపోర్టులు ఒక ఫైలులో పెట్టి తీసుకురండి. గతంలో ఇ.ఎస్.బి.ఎల్. అని వచ్చి ఉంటే అది డాక్టరుకు ఎంతో ముఖ్యమైన సమాచారం.

7. మరుగుదొడ్డికి వెళ్ళివచ్చాక, వంటకు ముందు, రోగిని తాకే ముందూ తరువాతా సబ్బుతో చేతులు కడుక్కోండి. వార్డులోకి వచ్చే బంధువులకూ ఈ మాట చెప్పండి.

8. పిల్లలకు టీకాలు వేళకు వేయించండి. జబ్బే రాకపోతే యాంటీబయోటిక్ అవసరం రాదు.

క్రిమి దగ్గరున్న కత్తెరను నలగ్గొట్టి, వడకట్టి, కొలిచి, దాని బలహీనత కనిపెట్టడానికి ఎందరో ఎనభై ఏళ్ళకు పైగా శ్రమించారు. ఆ శ్రమ ఫలంగా మనకు దక్కిన మందులు కొన్నే. వాటిని అవసరానికే వాడుకుంటే మన పిల్లల కాలంలోనూ పనిచేస్తాయి. మీకు రాసిన యాంటీబయోటిక్ గురించి ఏ సందేహం ఉన్నా, మందు మానేముందు మా ఫార్మసీలోగానీ, వార్డు సిస్టరునుగానీ, డాక్టరునుగానీ అడగండి. చెప్పడానికి మేము ఎప్పుడూ సిద్ధమే.